పతకానికీ మొదటి కూలికీ మధ్య: జో ఫ్రేజియర్ ఎదిగిన తీరు

నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం వైపు వాళ్లకి గోనెసంచి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. గోగు కోసి, కట్టలు కట్టి చెరువులో ఊరేసి, నార తీసి ఆరబెట్టిన ఇళ్లు ఇక్కడివి, జూట్ మిల్లు షిఫ్టుకి సైకిలు మీద వెళ్లిన తరాలు ఇక్కడివి. కాబట్టి ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ ఒకడు గోనెసంచి దగ్గర మొదలయ్యాడంటే ఈ ప్రాంతపు పాఠకుడికి అది దూరపు కథలా అనిపించదు. 1950ల మొదట్లో అమెరికాలో, దక్షిణ కెరొలినా రాష్ట్రంలోని బ్యూఫర్ట్ అనే ఊరి దగ్గర, ఒక నల్లజాతి రైతు కొడుకు ఇంట్లో పాత గోనెసంచి తీసుకున్నాడు. అందులో చింకి గుడ్డలు, గింజలు వలిచేసిన మొక్కజొన్న బెండ్లు, ఆ ప్రాంతంలో చెట్ల కొమ్మలకి జడల్లా వేలాడే నాచు కూరి, మధ్యలో ఒక ఇటుక పెట్టి, మూతి కట్టి ఓక్ చెట్టుకి వేలాడదీశాడు. రోజూ గంటసేపు దాన్ని గుద్దేవాడు, అదీ కొన్నేళ్ల పాటు. ఆ కుర్రాడి పేరు జో ఫ్రేజియర్.

ఆ సంచిలో ఏం కూరాడో కాస్త ఆగి చూడాలి. ఒట్టి ఇసుక పోస్తే రెండు రోజుల్లో అదంతా అడుక్కి దిగి రాయిలా బిగుసుకుపోతుంది, పైభాగం ఖాళీగా వేలాడుతుంది, తెలియక కింద కొట్టినవాడి మణికట్టు పని అయిపోతుంది. గుడ్డలూ బెండ్లూ అలా కాదు, దెబ్బ పడిన చోట లోపలికి నొక్కుకుని మళ్లీ సర్దుకుంటాయి, బరువు సంగతి ఇటుక చూసుకుంటుంది. ఇక గోనె నేత గరుకు తెలిసిందే, బస్తా మోసిన వాడి భుజాన్ని అడిగితే చెబుతుంది. ఒట్టి చేత్తో పది దెబ్బలు వేస్తే వేళ్ల కణుపుల మీద తోలు లేచిపోతుంది, అందుకని వాళ్ల నాన్న పాత టైనో, అమ్మ మేజోళ్లనో చేతులకి చుట్టుకుని కొట్టేవాడు.

అయితే సంచి గుద్దే కుర్రాళ్లు ఊరూరా ఉంటారు. పల్లెటూరి పేదరికం, చేతిలో బలం, మనసులో కసి, ఈ మూడూ ఉంటే చాంపియన్ అయిపోతాడని మనం ఆటగాళ్ల గురించి అలవాటుగా చెప్పుకుంటాం. ఫ్రేజియర్ జీవితాన్ని తేదీల వారీగా పెట్టి చూస్తే ఆ మాట నిలబడదు. అతని ఎదుగుదలలో అన్నిటికంటే ప్రమాదకరమైన మజిలీ రింగులో లేదు. ఒలింపిక్ పతకం మెడలో పడిన రోజుకీ, ప్రొఫెషనల్‌గా మొదటి పోటీ ఆడిన రోజుకీ మధ్య ఉన్న పది నెలల్లో ఉంది. అక్కడ జారిపోయి ఉంటే ఈ రోజు అతని పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, అలా జారిపోయినవాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు, మన జిల్లాల్లోనూ ఉన్నారు.

ముందు చెయ్యి సంగతి. ఫ్రేజియర్ 1944 జనవరి 12న పుట్టాడు, ఇంట్లో పన్నెండో సంతానం. తండ్రి రూబిన్‌కి తుపాకి దెబ్బతో ఎడమ చెయ్యి పోయింది. అందుకే చిన్నప్పటి నుంచి పొలంలో నాన్నకి ఎడమ చెయ్యిగా ఉండే పని ఈ కుర్రాడిదే, సుత్తి నాన్న పట్టుకుంటే మేకు వీడు పట్టుకోవాలి. ఒక రోజు దొడ్డిలో పెద్ద పంది తరుముకొస్తే పరిగెత్తి పడిపోయాడు, ఎడమ చెయ్యి బాగా దెబ్బతింది. డాక్టరుకి చూపించే డబ్బు లేదు. చెయ్యి దానంతటదే మానింది కానీ మోచేయి ఇక పూర్తిగా చాపుకోలేదు, జీవితాంతం కొంచెం వంగే ఉండిపోయింది.

వేరే ఏ ఆటకైనా ఇది అడ్డంకే. బాక్సింగులో కూడా ఒక రకం బాక్సర్‌కి అడ్డంకే, ఎందుకంటే ముందు చేత్తో సూటిగా పొడిచి ఎదుటివాడిని దూరంగా ఉంచే జాబ్ అనే దెబ్బకి చెయ్యి బారుగా సాగాలి. హుక్ వేరు. మోచేతిని వంచి, తుంటినీ భుజాన్నీ ఒకేసారి తిప్పి, పక్కనుంచి దవడకో పక్కటెముకలకో కొట్టేది హుక్. కొడవలితో వరి కోసేటప్పుడు చెయ్యి చాపి లాగరు, మోచెయ్యి వంచే ఉంచి నడుముతో తిప్పుతారు, ఇంచుమించు అదే కదలిక. ఫ్రేజియర్ ఎడమ చెయ్యి హుక్ కొట్టడానికి కావలసిన వంపులోనే ఎప్పుడూ ఉండేది. దాన్ని దైవ సంకల్పం అనడం తేలిక. కానీ వంగిన చేతులు చాలామందికి ఉంటాయి, ఆ వంపు చుట్టూ ఒక పద్ధతి మొత్తాన్ని కట్టడానికి ఒక శిక్షకుడు దొరకాలి, ఆ శిక్షకుడు మాత్రం బ్యూఫర్ట్‌లో లేడు.

పదిహేనేళ్లకే బస్సెక్కి ఉత్తరాదికి, న్యూయార్క్‌లో ఉన్న అన్న దగ్గరికి వెళ్లాడు, తర్వాత ఫిలడెల్ఫియా చేరాడు. ఆ రోజుల్లో దక్షిణాది పల్లెల నుంచి నల్లజాతి కుటుంబాలు లక్షల్లో ఉత్తరాది పట్టణాలకి వలసపోయాయి, ఒకవైపు పని లేకపోవడం, మరోవైపు తెల్లవాళ్ల పొలాల్లో మాట ఎదురు చెబితే ప్రాణానికే భయం. ఇచ్ఛాపురం, కవిటి, పలాస స్టేషన్లలో రాత్రి రైలు కోసం సంచులు పెట్టుకుని కూర్చునే కుర్రాళ్లని చూసినవాళ్లకి ఆ ప్రయాణం ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. ఎక్కేటప్పుడు ఎవరికీ చాంపియన్ కావాలని ఉండదు. ముందు పని దొరకాలి, ఇంటికి నాలుగు డబ్బులు పంపాలి.

ఫిలడెల్ఫియాలో దొరికిన పని కబేళాలో. నేల మీద రక్తం కడగడం, మాంసం మోయడం. చల్లటి గదిలో కొక్కేలకి వేలాడే పశువుల మాంసపు ముక్కల్నే సంచి అనుకుని గుద్దేవాడు. ఒళ్లు బాగా పెరిగిపోయింది, 17 ఏళ్లకే వంద కిలోల దగ్గర. తొడల దగ్గర ప్యాంట్లు పట్టక, బరువు తగ్గుదామని పోలీస్ అథ్లెటిక్ లీగ్ వాళ్లు నడిపే జిమ్‌కి వెళ్లాడు. గొప్ప లక్ష్యం పెట్టుకుని ఏమీ కాదు, అప్పటికి ప్యాంటు పట్టాలి, అంతే.

అక్కడ అతన్ని చూసినవాడు యాంక్ డర్హమ్. ఫ్రేజియర్ పేరు తెలిసిన వాళ్లలో పదిమందికి ఒక్కరికి కూడా ఈయన పేరు తెలియదు, ఈ వ్యాసం రాయడానికి సగం కారణం అదే. డర్హమ్ కూడా ఒకప్పుడు బాక్సరే, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉండగా జీపు ప్రమాదంలో కాళ్లు విరిగి ఆట ఆగిపోయింది. పొట్టకూటికి రైల్వేలో వెల్డింగ్ పని, సాయంత్రం జిమ్‌లో కుర్రాళ్లకి శిక్షణ. అంటే పగలు ఒకరు కబేళాలో, ఒకరు వెల్డింగ్ షాపులో, చీకటి పడ్డాక ఇద్దరూ ఒకే గదిలో. డర్హమ్ చేసిన మొదటి పని ఫ్రేజియర్‌కి కొత్త దెబ్బలు నేర్పడం కాదు, ఉన్న ఎత్తుతో ఏం చెయ్యగలడో నిర్ణయించడం. హెవీవెయిట్లలో ఫ్రేజియర్ పొట్టివాడు, ఆరడుగులకి కొంచెం తక్కువ. దూరంగా నిలబడి పొడుగు చేతులవాళ్లతో జాబ్‌లు వేసుకుంటే ఓడిపోతాడు. కాబట్టి లోపలికి వెళ్లాలి, తల కిందకీ పక్కలకీ కదుపుతూ దెబ్బ తప్పించుకుంటూ ఎదుటివాడి ఛాతీకి ఆనుకునేంత దగ్గరకి చేరి, అక్కడ ఆ వంగిన చెయ్యి తిప్పాలి. పొడుగాటి వాడికి దగ్గర్లో చెయ్యి ఆడదు. ఈ లెక్క మీదే తర్వాతి పదేళ్లు నడిచాయి.

అమెచ్యూర్‌గా, అంటే డబ్బు తీసుకోకుండా ఆడే పోటీల్లో, ఫలితం వెంటనే వచ్చింది. 1962, 1963, 1964 మూడేళ్లూ గోల్డెన్ గ్లవ్స్ అనే అమెచ్యూర్ పోటీల్లో ఆ ప్రాంతపు హెవీవెయిట్ టైటిల్ అతనిదే. తర్వాత 1964 ఒలింపిక్ ఎంపిక పోటీల్లో బస్టర్ మాథిస్ ఎదురయ్యాడు. దాదాపు 135 కిలోల మనిషి, కానీ కాళ్లు మాత్రం డాన్సర్ కాళ్లు. మూడు రౌండ్ల పోటీలో ఫ్రేజియర్ ఓడిపోయాడు. ఇక్కడ అమెచ్యూర్ బాక్సింగ్ స్వభావం అర్థం చేసుకోవాలి. మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు, మొత్తం తొమ్మిది నిమిషాలు. ఎదుటివాడిని మెల్లగా అలసిపోయేలా చేసి, పొట్ట మీద కొట్టి, కాళ్లు బరువెక్కాక పడగొట్టే బాక్సర్‌కి తొమ్మిది నిమిషాలు ఏ మూలకీ రావు. చకచకా కదిలి నాలుగు దెబ్బలు తగిలించి తప్పుకునేవాడికి ఆ నిడివి సరిగ్గా సరిపోతుంది. ఫ్రేజియర్ ఒంట్లో ఉన్నది సుదూరపు ఆట, అతనికి దొరికిన రింగు మాత్రం పొట్టి ఆటది. అమెచ్యూర్‌లో ఓడినవాడు ప్రొఫెషనల్‌లో గెలవచ్చు, ఒలింపిక్ విజేత ప్రొఫెషనల్‌లో తేలిపోవచ్చు అనడానికి మూలం ఈ గడియారంలోనే ఉంది.

ఓడిపోయాక మానేద్దామనుకున్నాడు. పోనీ అదనపు ఆటగాడిగానైనా వెళ్లు, మాథిస్‌కి ప్రాక్టీసులో ఎదురు నిలబడు అని జిమ్ వాళ్లు ఒప్పించి పంపారు. ఆ తర్వాత ఇద్దరి మధ్య జరిగిన ఒక ప్రదర్శన పోటీలో ఫ్రేజియర్ తలకి తగిలి మాథిస్ చేతికే గాయమైంది. టోక్యో విమానంలో మాథిస్ సీటు ఫ్రేజియర్‌కి వచ్చింది. అదృష్టమే, కాదనలేం. కానీ ఆ అదృష్టం తగిలేటంత దగ్గరలో అతన్ని నిలబెట్టింది మాత్రం వెళ్లమని పట్టుబట్టిన మనుషులు.

టోక్యోలో ఉగాండా బాక్సర్‌ని మొదటి రౌండులోనే, ఆస్ట్రేలియా బాక్సర్‌ని తాను ఒకసారి కింద పడి లేచి మూడో రౌండులో ఓడించాడు. సెమీఫైనల్లో సోవియట్ బాక్సర్ వాదిమ్ యెమెల్యానోవ్‌ని రెండో రౌండులో ఆపేశాడు, అక్కడే ఎడమ బొటనవేలు విరిగింది. ఆ సంగతి నిర్వాహకులకి చెబితే ఫైనల్ ఆడనివ్వరు. నోరు మెదపలేదు. 1964 అక్టోబర్ 23న జర్మనీకి చెందిన హాన్స్ హూబర్‌తో ఫైనల్, తన ఆట మొత్తానికి ఆధారమైన ఎడమ చేత్తో గట్టిగా కొట్టలేని స్థితి. కుడి చేతితో నెట్టుకొచ్చాడు. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఇతని వైపు, ఇద్దరు అటు. ఆ ఒలింపిక్స్‌లో అమెరికా బాక్సింగ్ జట్టుకి దక్కిన ఒకే ఒక్క బంగారు పతకం అది.

ఇప్పుడు అసలు మజిలీ. విరిగిన వేలికి కట్టుతో ఫిలడెల్ఫియా తిరిగొచ్చాడు. చేతికి కట్టు ఉన్నవాడికి కబేళాలో పని లేదు. ఇంట్లో భార్య, చిన్న పిల్లలు. పతకం ఉంది, అది ఇంటి అద్దె కట్టదు. 1964 క్రిస్మస్‌కి ఒలింపిక్ చాంపియన్ ఇంట్లో పండగ లేదన్న సంగతి స్థానిక పత్రికల్లో వస్తే, చదివినవాళ్లు జాలిపడి బొమ్మలు, తిండి సామాన్లు, కొంత డబ్బు పంపించారు. ఒక చర్చి పాస్టర్ చిన్న పని ఇచ్చాడు. దేశానికి బంగారం గెలిచి రెండు నెలలు అయిందో లేదో, అప్పటికే పరిస్థితి ఇది. (ఆ పతకాన్ని తర్వాతి కాలంలో పదకొండు ముక్కలు చేయించి పిల్లలకి తలో ముక్క ఇచ్చాడు.)

ఈ గుంత దాటించడానికి ఏదో ఒక వంతెన కావాలి. అప్పటి అమెరికా బాక్సింగులో అన్నిటికంటే తేలిగ్గా దొరికే వంతెన ముఠాల డబ్బు. ఫ్రాంకీ కార్బో, ఫిలడెల్ఫియాకే చెందిన బ్లింకీ పలెర్మో లాంటి వాళ్లు ఏళ్ల తరబడి బాక్సర్లని, పోటీల ఫలితాలని చేతిలో పెట్టుకున్నారు, 1961లో గానీ వాళ్లకి పెద్ద శిక్ష పడలేదు. డబ్బు అప్పుగా ఇచ్చి, బాక్సర్ జీవితాన్ని రాయించుకోవడం వాళ్ల పద్ధతి. మన దగ్గర పంట మీద ముందే అడ్వాన్సు ఇచ్చి, గింజ రాలకముందే ధర తేల్చేసే షావుకారు లెక్కే ఇదీ.

డర్హమ్ అటు వెళ్లనివ్వలేదు. 1965లో ఫిలడెల్ఫియా వ్యాపారులు, వృత్తి నిపుణులు కొందరు కలిసి క్లోవర్‌లే అనే కంపెనీ పెట్టారు, వాటా 250 డాలర్లు. ఒక మనిషి మీద షేర్లు అమ్మడం అనగానే వినడానికి ఇబ్బందిగానే ఉంటుంది, అందులోనూ పెట్టుబడి పెట్టినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, గుద్దులు తినేది నల్లవాడు. ఆ ఇబ్బందిని పక్కన పెట్టేయకూడదు. కానీ ఆ కంపెనీ వల్ల ఫ్రేజియర్‌కి దొరికిందేమిటో కూడా చూడాలి: గెలిచినా ఓడినా వారం వారం జీతం, ప్రాక్టీస్ ఖర్చు, అన్నిటికీ మించి డబ్బు కోసం తొందరపడి పెద్దవాళ్ల మీదికి వెళ్లాల్సిన అవసరం లేకపోవడం. ఇంట్లో బియ్యం లేని బాక్సర్ ఏ పోటీకైనా ఒప్పుకుంటాడు, అలా ఒప్పుకున్న చాలామంది ఐదో పోటీకో ఆరో పోటీకో దవడ పగిలి ఆగిపోయారు. ఐదేళ్ల ముందు, 1960లో, లూయివిల్‌లో పదకొండు మంది వ్యాపారులు కలిసి కాసియస్ క్లే అనే మరో ఒలింపిక్ విజేతకి సరిగ్గా ఇలాంటి ఏర్పాటే చేశారు. తర్వాత అతనే మహమ్మద్ అలీ. అంటే 1971లో రింగులో ఎదురెదురుగా నిలబడిన ఇద్దరు అజేయులూ ఒకే రకం వంతెన మీదుగా వచ్చినవాళ్లు, ఇది యాదృచ్ఛికం అనుకోవడం కష్టం.

మన దగ్గర ఈ వంతెన ఎలా ఉంటుందో పోల్చి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామ్మూర్తి నాయుడు తాలింఖానాలో ఒళ్లు పెంచి, వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. అక్కడే ఆగిపోతే జిల్లా దాటి పేరు వచ్చేది కాదు. మిత్రుడు పొట్టి పంతులు తోడ్పాటుతో సర్కస్ కంపెనీ పెట్టాకే ఆ బలం ఒక వృత్తి అయింది, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకోవడం, ఇనుప గొలుసులు తెంచడం టికెట్టు కొని చూసే ప్రదర్శనలయ్యాయి. తర్వాతి కాలానికి సర్కస్ పోయి ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చింది, విజయనగరం పక్కన వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరుపడ్డ కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. ఈ ఊళ్లలో ఇనుము ఎత్తే పిల్లల్ని ఏం కావాలనుకుంటున్నావని అడిగితే రైల్వే, ఆర్మీ, పోలీస్ అంటారు. స్పోర్ట్స్ కోటా మీద వాళ్ల ఆశ తప్పేమీ కాదు, ఇక్కడి క్లోవర్‌లే అదే. తేడా ఒక్కటే, ఆ ఉద్యోగం పతకం వచ్చాక వస్తుంది, దానికి ముందు ఏడెనిమిదేళ్లు గుడ్లూ పాలూ, బస్సు చార్జీలూ అమ్మానాన్నల కూలి డబ్బుల్లోంచే వెళ్లాలి.

భారత హెవీవెయిట్ బాక్సింగులో కూడా ఇదే కనిపిస్తుంది. హర్యానాకి చెందిన హవా సింగ్ 1966, 1970 ఆసియా క్రీడల్లో వరసగా రెండుసార్లు హెవీవెయిట్ బంగారం గెలిచాడు. అతను సైన్యంలో ఉన్నాడు కాబట్టి తిండికి లోటు లేదు, కానీ అక్కడి నుంచి ప్రొఫెషనల్ రింగు వైపు తీసుకెళ్లే దారి దేశంలో దాదాపు లేదు. ఫ్రేజియర్ ప్రపంచ టైటిల్ ఆడుతున్న ఏళ్లే అవి. బలం తేడా ఎంతో తేల్చి చెప్పే వీలు లేదు, ఎందుకంటే ఆ పోలిక తేల్చే పోటీకి దారే లేకపోయింది.

1965 ఆగస్టు 16న ఫ్రేజియర్ మొదటి ప్రొఫెషనల్ పోటీ, మొదటి రౌండులోనే గెలుపు. అక్కడి నుంచి 1967 చివరి దాకా 19 పోటీలు, 19 గెలుపులు, అందులో 17 నాకౌట్లు. ఈ అంకెలు చూసి అందర్నీ ఊదిపారేశాడని అనుకోవడం సహజం, కానీ ఎవరితో, ఏ వరసలో ఆడాడో చూడాలి. మొదటి ఏడాది నాలుగే పోటీలు, పెద్దగా పేరు లేనివాళ్లతో. రెండో పోటీలోనే ఒకసారి కింద పడ్డాడు, లేచి గెలిచాడు, అంటే చిన్నవాళ్లతో ఆడటం కూడా పూలపాన్పేమీ కాదు. 1966లో తొమ్మిది పోటీలు, ఒక్కో మెట్టూ కొంచెం ఎత్తు. అనుభవజ్ఞులు, కాస్త వయసు మీరినవాళ్లు, కొట్టినా పడనివాళ్లు, ఇలా ఒక్కొక్కరి దగ్గర ఒక్కో పాఠం దొరికేలా డర్హమ్ ఎంపిక చేశాడు. ప్రొఫెషనల్ బాక్సింగులో మేనేజర్ పని ఇదే. తొమ్మిది నిమిషాల ఆటగాడిని పదిహేను రౌండ్ల, అంటే నలభై ఐదు నిమిషాల ఆటగాడిగా మార్చాలి. దానికి ఊపిరి ఒక్కటే సరిపోదు, ఎప్పుడు దెబ్బ తినొచ్చో, ఎప్పుడు తినకూడదో, ఏ రౌండులో పొట్ట మీద పెట్టిన పెట్టుబడి ఏ రౌండులో తిరిగొస్తుందో ఒంటికి తెలియాలి.

1966 సెప్టెంబర్ 21న అర్జెంటీనా బాక్సర్ ఆస్కార్ బొనవేనా ఆ చదువులో పెద్ద పరీక్ష పెట్టాడు. రెండో రౌండులో ఫ్రేజియర్‌ని రెండుసార్లు పడగొట్టాడు. న్యూయార్క్ నిబంధన ప్రకారం ఒకే రౌండులో మూడోసారి పడితే పోటీ అక్కడికక్కడే ముగిసిపోతుంది. ఫ్రేజియర్ తర్వాతి జీవితమంతా ఆ కొన్ని సెకన్ల మీద వేలాడింది. ఎలాగో నిలబడ్డాడు, పది రౌండ్లూ ఆడి జడ్జీల్లో ఒకరు కాదన్నా గెలిచాడు. ఆ ఏడాదే శిక్షణలోకి వచ్చిన ఎడ్డీ ఫచ్ అనే పెద్దాయన తల కదలిక మీద పనిచేశాడు. అప్పటిదాకా దెబ్బ తింటూ లోపలికి వెళ్లే ఫ్రేజియర్, దెబ్బ కిందనుంచి దూరి వెళ్లడం నేర్చుకున్నాడు. పైగా అతని ఎడమ కన్ను సరిగా కనపడేది కాదు, ఆ సంగతి చాలా ఏళ్లు దాచి తర్వాతెప్పుడో తానే చెప్పాడు. సగం చూపుతో దెబ్బలు తప్పించుకోవాలంటే తల ఒక్క క్షణం కూడా ఒకచోట ఉండకూడదు మరి.

డర్హమ్ తీసుకున్న అతిపెద్ద నిర్ణయం మాత్రం ఒక పోటీ ఆడకపోవడం. 1967 ఏప్రిల్‌లో సైన్యంలో చేరనన్నందుకు అప్పటి ప్రపంచ చాంపియన్ అలీ టైటిల్ లాగేశారు. ఖాళీ అయిన కుర్చీ కోసం వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్ (డబ్ల్యూబీఏ) ఎనిమిది మందితో టోర్నమెంట్ పెట్టింది. ముందు వరసలో ఉన్న ఫ్రేజియర్ అందులో చేరలేదు, ఆ కోపంతో వాళ్లు అతని ర్యాంకు కిందకి నెట్టేశారు. చేరి ఉంటే మూడు పోటీలు గెలవాలి, షరతులు, తేదీలు, డబ్బు అన్నీ వేరేవాళ్ల చేతిలో. చేరకపోతే, ఆ గెలిచినవాడు ఎప్పటికైనా ఇతని దగ్గరికి రాక తప్పదు. వారం జీతం అందుతున్న బాక్సర్ మాత్రమే ఇలా ఆగగలడు. ఆ 250 డాలర్ల వాటాలు కొనిపెట్టింది జిమ్ సామాను కాదు, కాదు అని చెప్పగలిగే స్తోమత.

1968 మార్చి 4న కొత్తగా తెరిచిన మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, న్యూయార్క్ రాష్ట్ర బాక్సింగ్ కమిషన్‌తో పాటు మరికొన్ని రాష్ట్రాలు గుర్తించిన హెవీవెయిట్ టైటిల్ కోసం పోటీ. ఎదురుగా అదే బస్టర్ మాథిస్, 23 పోటీల్లో ఒక్కటీ ఓడనివాడు. మొదటి రౌండ్లు అచ్చం 1964 లాగే నడిచాయి, మాథిస్ చురుగ్గా తిరుగుతున్నాడు, దెబ్బలు తగిలిస్తున్నాడు. తొమ్మిది నిమిషాల ఆట అయితే మళ్లీ అతనే గెలిచేవాడేమో. కానీ ఈసారి గడియారం ఫ్రేజియర్‌ది. ఆరో రౌండు దాటాక పెద్ద ఒళ్లు బరువెక్కింది, పొట్ట మీద పడ్డ హుక్‌ల ప్రభావం ఒక్కొక్కటిగా బయటపడింది. పదకొండో రౌండులో ఎడమ హుక్ దెబ్బకి మాథిస్ తాళ్ల మీదకి కూలిపోయాడు. నాలుగేళ్ల కింద ఓడించినవాడే పడ్డాడు, మనుషులిద్దరూ వాళ్లే, మారింది ఆట నిడివీ, మధ్యలో జరిగిన చదువూ.

టోర్నమెంట్ గెలిచిన జిమ్మీ ఎల్లిస్ డర్హమ్ అనుకున్నట్టే వచ్చాడు. 1970 ఫిబ్రవరి 16న నాలుగో రౌండులో రెండుసార్లు పడ్డాక, ఐదో రౌండుకి అతన్ని కోచ్ లేవనివ్వలేదు. ఆ రాత్రితో ఫ్రేజియర్ తిరుగులేని ప్రపంచ చాంపియన్. ఊరు విడిచి అప్పటికి పదకొండేళ్లు.

అలీ తిరిగి రింగులోకి వచ్చాక 1971 మార్చి 8న ఇద్దరూ తలపడ్డారు, చెరో 25 లక్షల డాలర్లు, అప్పటికి కనీవినీ ఎరుగని మొత్తం. ఆ పోటీ గురించి ప్రపంచమంతా రాసింది కాబట్టి ఇక్కడ ఒక్క దెబ్బ గురించే. అలీ కుడి చేత్తో కిందనుంచి పైకి అప్పర్‌కట్ వేసే ముందు ఆ చెయ్యి కిందకి దిగుతుందని, ఆ క్షణంలో దవడ కుడివైపు తెరిచి ఉంటుందని ఫచ్ గమనించాడు. ఆ చెయ్యి దిగడం కనపడగానే ఎడమ హుక్ వేయమని నెలల తరబడి ప్రాక్టీస్ చేయించాడు. పదిహేనో రౌండు మొదట్లో అలీ చెయ్యి దిగింది. బ్యూఫర్ట్‌లో డాక్టరు చూడకుండా మానిన ఆ వంగిన చెయ్యి అప్పటికే దారిలో ఉంది. అలీ వెల్లకిలా పడ్డాడు, వెంటనే లేచాడు కూడా, కానీ ముగ్గురు జడ్జీలూ ఫ్రేజియర్‌కే ఇచ్చారు.

తర్వాత ఫ్రేజియర్ ఆసుపత్రి పాలయ్యాడు, కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది. వచ్చిన డబ్బుతో దక్షిణ కెరొలినాలో, తాను పారిపోయి వచ్చిన ప్రాంతంలోనే, ఒకప్పుడు బానిసల చేత సాగు చేయించిన 368 ఎకరాల తోట ఒకటి కొని తల్లిని అందులో ఉంచాడు.